పిట్టల మాటుకు ముఖానికి మట్టిరంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపు చెరువుగట్ల మీద, చెల్కల్లో కెమెరా పట్టుకొని కూర్చునేవాళ్లు ఈ మధ్య పెరిగారు. పిట్టలకు, జంతువులకు కనిపించకుండా ముఖానికి పూసుకునే రంగును ఇంట్లోనే ఎలా చేసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. నేను కొన్నేళ్లుగా చేసుకొని వాడుతున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఈ రంగు పూసుకొని వేటకు వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. మన దేశంలో వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, ఎర వేయడం, పట్టుకోవడం, ఆ ప్రయత్నం చేయడం, గూడు చెదరగొట్టి గుడ్లు తీయడం కూడా వేట కిందికే వస్తాయి. "కంజు పిట్టే కదా, కుందేలే కదా" అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. అవి కూడా ఆ చట్టం రక్షణలోనే ఉన్నాయి. నెమలి, కృష్ణజింక వంటి షెడ్యూల్ 1 (ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా) జీవులను వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు.

అడవిపందులు పల్లీచేను రాత్రికి రాత్రే తవ్వి పోస్తే ఆ రైతు బాధ ఎలాంటిదో నాకు తెలుసు. అప్పుడు కూడా చట్టప్రకారం అధికారం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా వాటిని చంపకూడదు. ఈ పేజీలో ఉన్నదంతా చూడటానికి, ఫొటో తీయడానికి మాటు వేసేవాళ్ల కోసం.

మాసిన బట్టలు వేసుకుంటే చాలదా? ముఖానికి కూడా ఎందుకు?

తెల్లవారుజామున కోయిల్‌సాగర్ గట్టు మీద ఒక మనిషిని కూర్చోబెట్టి, వంద అడుగుల దూరం నుంచి చూడండి. చొక్కా ఏ రంగుదో గుర్తుపట్టకముందే నుదురు, ముక్కు, చెంపలు మెరుస్తూ కనిపిస్తాయి. చర్మం మీద నూనె, చెమట ఉంటాయి. ఏటవాలుగా పడే పొద్దటి ఎండకు అవి అద్దంలా మెరుస్తాయి. పైగా పిట్టలకైనా జింకలకైనా రెండు కళ్లు, మధ్యలో ముక్కు ఉన్న ఆకారం అంటే భయం. ఆ మెరుపును చంపడం, ఆ ఆకారాన్ని చెదరగొట్టడం, ఈ రెండు పనులకే ముఖానికి రంగు.

మన చామనఛాయ, నలుపు ముఖాలు ఇప్పటికే మట్టికి దగ్గరగా ఉంటాయి. చాలామందికి రంగు కొద్దిగా సరిపోతుంది. మెరుపు తగ్గిస్తే సగం పని అయిపోయినట్టే.

మిలిటరీవాళ్లలాగా ఆకుపచ్చ, నలుపు పూసుకోవాలా?

బజారులో దొరికే డబ్బాలన్నీ ఆకుపచ్చే. అది తడి అడవులకు సరిపోతుంది. మన నేల అలాంటిది కాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ చెల్కలు ఎర్రవి. గుట్టలు, బండలు బూడిదరంగువి, వాటి మీద నల్లటి చారలు. సంక్రాంతి దాటితే గడ్డి ఎండి గోధుమరంగుకు వస్తుంది. మార్చి నాటికి చెట్లలో చాలావరకు ఆకు రాల్చేసి ఉంటాయి. మోదుగ పువ్వు తప్ప కంటికి నిండైన రంగు ఇంకొకటి దొరకదు. అలాంటి చోట ఆకుపచ్చ ముఖంతో కూర్చుంటే ఎండుగడ్డిలో పచ్చి కాకరకాయ పెట్టినట్టు ఉంటుంది.

నా మాట ఒకటే: ఎక్కడ కూర్చుంటారో ఆ నేలను ముందు చూడండి, రంగు తర్వాత కలపండి. గుట్టల్లో అయితే బూడిదరంగు, నలుపు. చెల్కలో అయితే జాజు (ఎర్రమట్టి) రంగు, గోధుమరంగు. ఆలంపూర్ వైపు నల్లరేగడిలో అయితే నలుపు ఎక్కువ, ఎండుగడ్డి రంగు కొంచెం. ఆకుపచ్చ వానాకాలంలో, దసరా దాకా మాత్రమే.

జంతువులకు మనలాగే రంగులు కనిపిస్తాయా?

ఒక్కో జీవికి ఒక్కో తీరు. జింకలు, దుప్పులు, అడవిపందుల కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి. మనకు మూడు. వాటికి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మధ్య తేడా సరిగా తెలియదు. పులి మనకు నిప్పులా కనిపించినా దుప్పికి పొదలో కలిసిపోవడానికి కారణం అదే. కాబట్టి జాజు ఎరుపు చూసి జింక బెదురుతుందనే టెన్షన్ వద్దు. కానీ నీలం వాటికి బాగా కనిపిస్తుంది. ముఖానికి ఎంత రంగు పూసినా కొత్త జీన్స్ ప్యాంటుతో కూర్చుంటే ఫలితం ఉండదు. తెల్లచొక్కాకు నీలిమందు పెట్టి వేసుకున్నా అంతే.

పిట్టల సంగతి పూర్తిగా వేరు. వాటికి నాలుగు రకాల కణాలు ఉంటాయి. మనకంటే ఎక్కువ రంగులు చూస్తాయి. పాలపిట్ట దగ్గర, చెరువు బాతుల దగ్గర మన రంగు నేలకు దగ్గరగా ఉండి తీరాలి.

సామాను ఏమేం కావాలి? ఎక్కడ దొరుకుతుంది?

బొగ్గు, జాజు, ముల్తానీ మట్టి, తేనెమైనం, కొబ్బరినూనె, ఆముదం. అంతే. మైనం తప్ప మిగతావన్నీ కిరాణాకొట్లో దొరుకుతాయి. మైనం మూలికల దుకాణంలో అడగాలి. తేనె తీసేవాళ్లు తెలిసి ఉంటే పిండేసిన తెట్టె అడిగి తెచ్చుకోండి. దాన్ని నీళ్లలో వేసి కరిగించి, పలుచటి గుడ్డతో వడకట్టి చల్లారనిస్తే మైనం పైన బిళ్లలా గడ్డకడుతుంది, మురికి అడుగున మిగిలిపోతుంది. కొవ్వొత్తి మైనం దీనికి బదులు వాడకండి. అది పెట్రోలియం నుంచి తీసింది, ముఖం మీద పెళుసుగా ఊడిపోతుంది.

బొగ్గు ఏది మంచిది?

తుమ్మకట్టె బొగ్గు లేదా కాలిన కొబ్బరిచిప్ప. ఇస్త్రీ పెట్టె బొగ్గుల్లో మంచి ముక్క ఏరుకున్నా ఫర్వాలేదు. రాక్షసిబొగ్గు, టైరు మసి, లారీ గొట్టం మసి ముఖం దగ్గరికి రానివ్వకండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బొగ్గు వేరు, బూడిద వేరు. మొదటి ఏడాది నేను పొయ్యిలోంచి తీసిన బొగ్గును దులపకుండా, కడగకుండా అలాగే నూరి పూసుకున్నాను. గంటలో చెమట పట్టింది, చెంపలు మండటం మొదలైంది. రెండు రోజులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కట్టెబూడిదలో క్షారం ఉంటుంది. మన పెద్దవాళ్లు దాంతో గిన్నెలు తోమింది అందుకే. అది చెమటలో కరిగితే చర్మాన్ని కొరుకుతుంది. అప్పటి నుంచి బొగ్గు ముక్కలను రెండు మూడు నీళ్లలో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే రోట్లో నూరుతున్నాను.

నూరిన పొడిని పాత ధోతిగుడ్డతో జల్లించండి. వేళ్ల మధ్య రాస్తే పౌడరులా జారాలి. గరుకు తగిలితే మళ్లీ నూరాలి. ఆ గరుకే ముఖాన్ని గీరుతుంది. నూరేటప్పుడు ముక్కుకు తువ్వాల కట్టుకోండి.

కాటుక వాడవచ్చా?

ఆముదం దీపం మీద ఇంట్లో పట్టిన కాటుక నిక్షేపంగా వాడవచ్చు, కాకపోతే కళ్లకు దూరంగా. అది బొగ్గుకంటే సన్నగా ఉండి చర్మపు గుంతల్లో దిగుతుంది, కడిగినా ఒక రోజు నీడలా మిగులుతుంది. సుర్మా మాత్రం వద్దు, అందులో సీసం ఉండే ప్రమాదం ఉంది.

జాజు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

అసలు జాజు ఇనుప తుప్పు రంగు ఉన్న మట్టి. మన ఇళ్లకు సున్నం వేశాక గోడ అడుగున, గడప దగ్గర అలికేది ఇదే. ఇప్పుడు దుకాణాల్లో రసాయన రంగు కలిపిన పొడి కూడా జాజు పేరుతోనే అమ్ముతున్నారు. గాజుగ్లాసులో నీళ్లు పోసి ఒక చెంచా పొడి వేసి కలిపి రాత్రంతా కదలకుండా ఉంచండి. మట్టి అయితే అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడతాయి. పొద్దున కూడా నీళ్లు ఎర్రగానే ఉంటే అది ముఖానికి పనికిరాదు.

పొలం మట్టి తీసి నేరుగా పూసుకుంటే?

అందరికీ ముందు ఇదే తడుతుంది. కూర్చునే చోటి మట్టికి మించి సరిపోయే రంగు ఎక్కడ ఉంటుంది? కానీ పొలం మట్టిలో పెంట, పురుగుమందు, ధనుర్వాతం క్రిములు ఉండవచ్చు. గడ్డం గీసుకున్న ముఖం మీద కంటికి కనిపించని గాట్లు ఎన్నో ఉంటాయి. మందు కొట్టని చోటు నుంచి, ఒక అడుగు లోతు తవ్వి తీసిన మట్టిని జల్లించి, ఇనుప పెనం మీద అరగంట బాగా వేయించి వాడితే ప్రమాదం తగ్గుతుంది. ధనుర్వాతం క్రిమి గింజలు మామూలు వేడికి చావవు కాబట్టి గాటు, పుండు ఉన్న ముఖానికి వేయించిన మట్టి కూడా పూయకండి. నేను ఎక్కువగా ముల్తానీ, జాజు, బొగ్గు కలిపి ఆ పొలం రంగు తెప్పించుకుంటాను. పొలం మట్టిని పక్కన పెట్టుకొని పోల్చుకుంటూ కలిపితే పది నిమిషాల పని.

మరి ఆకుపచ్చ ఎలా వస్తుంది?

ఇంటి సరుకులతో అన్నిటికంటే కష్టమైన రంగు ఇదే. మునగాకును నీడలో ఎండబెట్టి మెత్తగా పొడి చేసి కలిపితే చక్కటి ఆకురంగు వస్తుంది. నాలుగైదు వారాల్లో అది గోధుమరంగుకు తిరుగుతుంది, వేడి తగిలితే ఇంకా ముందే. ఏ వారానికి ఆ వారం కొంచెమే చేసుకోవాలి.

రెండో దారి పసుపులో బొగ్గు కలపడం. పసుపు పచ్చకు చిటికెడు నలుపు తగిలితే ముదురు ఆలివ్ రంగు వస్తుంది, చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. కానీ పసుపు మరక రెండు మూడు రోజులు పోదు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కూడా. సోమవారం ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు ఆదివారం పొద్దున ఈ పని పెట్టుకోకండి.

పాళ్లు చెప్పండి.

చలికాలానికి: తేనెమైనం 10 గ్రాములు, కొబ్బరినూనె 20 గ్రాములు, ఆముదం 10 గ్రాములు, రంగు పొడి 10 నుంచి 12 గ్రాములు. ఒక మనిషికి సీజను మొత్తానికి సరిపోతుంది.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న స్టీలు గిన్నె దించి, ఆ వేడికే మైనం కరగనివ్వాలి. మైనం 62 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. కరిగాక నూనెలు పోసి కలిపి, గిన్నె కిందికి దించి, పొడిని కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూనే ఉండాలి. వదిలేస్తే మట్టి అడుగుకు దిగి పైన నూనె మిగులుతుంది. చిక్కబడుతుండగా పాత బామ్ డబ్బాల్లో పోసుకోండి. ఒక్కో రంగుకు ఒక్కో డబ్బా.

నేను మూడే చేస్తాను. ఒకటి బొగ్గు నలుపు. రెండోది జాజులో మూడో వంతు బొగ్గు కలిపిన ఇటుకరంగు. మూడోది ముల్తానీలో చిటికెడు బొగ్గు వేసిన బండరంగు. గుట్టల దగ్గర ఈ మూడోదే ఎక్కువ వాడతాను.

ఎండాకాలం డబ్బాలోనే కరిగిపోతోంది. ఏం చేయాలి?

కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీలకే కరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మేలో 40 దాటుతుంది. ఆ నెలల్లో కొబ్బరినూనె మానేసి నువ్వులనూనె, ఆముదం సగం సగం తీసుకోండి. మైనం 15 గ్రాములకు పెంచండి. డబ్బాను బైకు ట్యాంక్ కవరులో, కారు డాష్‌బోర్డు మీద ఉంచవద్దు.

రంగు పూశాక ముఖం ఇంకా ఎక్కువ మెరుస్తోంది!

అందరూ చేసే పొరపాటే ఇది. నూనె రంగు మెరుస్తుంది, అది దాని గుణం. పూసుకున్న ఐదు నిమిషాల తర్వాత పొడి ముల్తానీ మట్టిని గుడ్డమూటలో కట్టి ముఖమంతా మెల్లగా అద్దండి. అది పైనున్న నూనెను పీల్చుకొని రంగును మెరుపు లేకుండా చేస్తుంది. అద్దంలో చూసి సరిపెట్టుకోకండి. టార్చి లైటు పక్క నుంచి వేసి ఫోనులో ఒక ఫొటో తీయండి. తెల్లగా వెలిగిన చోట మళ్లీ అద్దాలి.

నాకు మొటిమలు ఎక్కువ. నూనె పడదు.

అయితే నీళ్ల రంగు. తుమ్మబంక చిన్న పలుకు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ పలుచటి జిగురు నీళ్లలో ముల్తానీ, బొగ్గు కలిపి పూసుకోండి. నాలుగు చుక్కల గ్లిజరిన్ వేస్తే పగుళ్లు తగ్గుతాయి. చెమటకు నిలవదు కాబట్టి చలికాలం పొద్దుటిపూటకే పనికొస్తుంది. ఎప్పటిదప్పుడే కలుపుకోవాలి, నిలవ ఉంచితే బూజు పడుతుంది.

ఎలా పూసుకోవాలి? ఏదైనా పద్ధతి ఉందా?

ముఖంలో ఉబ్బెత్తుగా ఉన్నచోట వెలుగు పడుతుంది, లోతుగా ఉన్నచోట నీడ ఉంటుంది. దాన్ని తిరగేయాలి. నుదురు, ముక్కుదూలం, చెంపల ఎముకలు, గడ్డం మీద ముదురు రంగు. కళ్ల కింద, ముక్కు పక్కన, పెదవి కింద లేతరంగు. అప్పుడు ముఖం ఎత్తుపల్లాలు పోయి చదునుగా కనిపిస్తుంది. జింకలకు వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉండటంలోనూ ఇదే కిటుకు ఉంది. అమెరికా చిత్రకారుడు అబ్బట్ థేయర్ వంద ఏళ్లకు ముందే దీన్ని గమనించి వివరించాడు.

తర్వాత ఒక ముదురు పట్టీ ఏటవాలుగా, ఎడమ కనుబొమ మీదుగా ముక్కు దాటి కుడి చెంప దాకా. రెండు వైపులా ఒకేలా పూయకండి. ముఖం అని కంటికి తెలిసేదే ఆ రెండు వైపుల పోలిక వల్ల. అంచులు గీసినట్టు ఉండకూడదు, వేలితో చెదపాలి.

చెవులు, మెడ వెనక, చేతుల వెనకభాగం చాలామంది మరిచిపోతారు. కెమెరా తిప్పేవి చేతులే కదా, ముఖంకంటే అవే ఎక్కువ కదులుతాయి.

ముఖానికి అసలు తగలకూడనివి ఏవి?

సున్నం, సున్నం కలిసిన ముగ్గుపిండి. ఇవి చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

సింధూరం. అసలు సింధూరం సీసం నుంచి తయారవుతుంది.

హరితాళం. వేషాలు కట్టేవాళ్లు వెనకట ముఖానికి పూసుకున్న పసుపురంగు అర్దళం ఇదే. అది పాషాణం (ఆర్సెనిక్ విషం) ఉన్న ఖనిజం. పెద్దలు వాడారు కదా అని తీసుకోకండి.

తలకు వేసే నల్లరంగు, నల్ల మెహందీ. అందులోని రసాయనం కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది, మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు.

అడవిలో కనిపించే నల్లజీడి గింజ. వెనకట బట్టల మీద చెరగని గుర్తు వేసేవారంటే దాని రసం ఎంత ఘాటో ఊహించుకోండి. చర్మం పుండుపడుతుంది. జిల్లేడు పాలు, జెముడు పాలు కూడా అంతే. ఉమ్మెత్త విషమొక్క, అదీ వద్దు. ఆకు దూసి ముఖానికి రుద్దుకొనే అలవాటు ఉన్నవాళ్లు ముందు ఆ చెట్టేదో తెలుసుకోండి.

పాత ఇంజన్ ఆయిల్, బ్యాటరీ సెల్లులోని నల్లపొడి. ఇవి కూడా పూసుకున్నవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను.

పూసుకునే ముందు పరీక్ష చేయాలా?

తప్పకుండా. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత పూసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ డబ్బా పక్కన పెట్టండి. గడ్డం గీసుకున్న రోజు రంగు వద్దు. కంటి అంచుకు వేలెడు దూరం వదలండి. పిల్లలకైతే ముల్తానీ, నీళ్లు చాలు. మూడేళ్ల లోపువాళ్లకు ఏదీ పూయకండి.

వాసనకు జంతువులు పారిపోవా?

అడవిపందికి, దుప్పికి ముక్కే మొదటి కన్ను. వేపనూనె, అత్తరు, వాసన సబ్బు మాటుకు పనికిరావు. వేడిచేసిన కొబ్బరినూనె కూడా కొంచెం వాసన వేస్తుంది. అందుకే వాటికోసం కూర్చునేటప్పుడు ఆముదం, నువ్వులనూనెతో చేసిన డబ్బా తీసుకెళ్తాను. ఏ నూనె అయినా గాలి మన వెనక నుంచి వాటి వైపు వీస్తే దాగడం అసాధ్యం. చిటికెడు దుమ్ము వదిలి, అది ఎటు పోతుందో చూసి కూర్చోండి. పిట్టల విషయంలో వాసన గొడవ దాదాపు లేదు.

ఎలా కడుక్కోవాలి?

ముందు నీళ్లు పోయకండి. కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు ఆగి పాత నూలుగుడ్డతో తుడవండి. మైనం, రంగు దాంతోపాటే వస్తాయి. తర్వాత శనగపిండితో కడిగితే చాలు. కుంకుడు పులుసు బాగా వదిలిస్తుంది కానీ కళ్లు మండుతాయి.

గొంగడి కప్పుకుంటే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. నాకు ఇష్టమైన జవాబు కూడా ఇదే. మన గొర్లకాపరుల నల్లగొంగడి మెరవదు, గాలికి చప్పుడు చేయదు, మనిషి ఆకారాన్ని బండలా మార్చేస్తుంది. రోజూ మందతో తిరిగే గొంగడి మనిషిని చూసి చూసి చెరువు దగ్గరి పిట్టలు అలవాటు పడి ఉంటాయి. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట నేను గొంగడి తలమీదుగా కప్పుకొని, కళ్ల చుట్టూ, ముక్కు మీద, చేతుల మీద మాత్రమే రంగు పూసుకుంటాను. ఎండాకాలం గొంగడి కప్పుకోలేం కాబట్టి అప్పుడు రంగు పని పెరుగుతుంది.

ఇలా ముఖం పూసుకొని తిరిగితే ఎవరైనా ఏమైనా అనుకోరా?

అనుకుంటారు. చీకట్లో నల్లముఖంతో చేను గట్టున కనిపిస్తే రైతు దొంగ అనుకుంటాడు, భయపడి కర్ర ఎత్తినా ఎత్తుతాడు. ముందురోజే ఊళ్లోకి వెళ్లి, ఆ చేను ఎవరిదో వాళ్లకు చెప్పి, సరే అన్నాకే కూర్చోండి. కూర్చునే చోటే రంగు పూసుకొని, లేచేముందు తుడుచుకోండి. ముఖం తెలిసేలా ఊళ్లోకి రండి.

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా నడిచి తిరగకూడదు, మాటు వేయకూడదు. ఫరహాబాద్ సఫారీ బండిలో కూర్చున్నవాళ్లకు ముఖం రంగుతో పనే లేదు, జంతువులకు అక్కడ కనిపించేది బండి.

గూడు దగ్గర కూర్చోవచ్చా, ఎలాగూ కనిపించం కదా?

వద్దు. మనం కనిపించడం లేదని మనం అనుకుంటాం. తల్లిపిట్ట గూటికి రాకుండా పక్క కొమ్మ మీదే ఆగిపోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి.

అన్నీ చేశాను, అయినా నేను కెమెరా ఎత్తగానే ఎగిరిపోతోంది.

రంగు సరిగ్గానే ఉండి ఉంటుంది, మీరు కదిలారు. పొద్దు పొడవడానికి అరగంట ముందే వచ్చి కూర్చోండి. కెమెరాను ముందే మోకాలి ఎత్తులో స్టాండు మీద పెట్టి, తువ్వాల కప్పి, లెన్స్ ఆ పిట్ట దిగే బండవైపు తిప్పి ఉంచండి. అది వచ్చాక మీరు కదపాల్సింది ఒక్క వేలు మాత్రమే. వెనక చెట్టో బండో ఉండేలా కూర్చోవాలి. ఆకాశం వెనక ఉంటే ఎంత రంగు పూసినా తల నల్లగా తేలిపోతుంది. ఒక పొద్దున రాకపోతే మరునాడు అదే చోట, అదే వేళకు, అవే బట్టలతో కూర్చోండి. జూరాల వెనకనీళ్ల దగ్గర నేను లకుముకి కోసం నాలుగు రోజులు అలా కూర్చున్నాను. ఐదోరోజు అది నా కెమెరా స్టాండు మీదే వాలింది, ఫొటో తీయడానికి వీల్లేనంత దగ్గరగా.